రావలసిన జవాబు

ఈమధ్య తిరుపతిలో ఉపాధ్యాయుల సభ జరిగితే నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లల ప్రశ్నల మీదనే పాఠాలు నడిపే ప్రణాళికను మన జిల్లాలో మొదట తయారుచేసింది నేనేనని ఒక యువకుడు అందరికీ పరిచయం చేశాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టి కూర్చున్నాను. కాదు అని చెప్పడానికి ఒక నిమిషం కూడా పట్టేది కాదు. చెప్పలేదు. ఏడేళ్ళుగా చెప్పడం లేదు.

ఆ ప్రణాళిక నాది కాదు. దాన్ని తయారుచేసింది ట్రైనింగు పాసు కాని ఒక పెద్దాయన. అందులో నేను సొంతంగా రాసింది కుడిపక్క గడి ఒక్కటే. ఆ గడి వల్ల ఏం జరిగిందో నాకు నలభై రెండేళ్ళు నిండిన ఈ ఏడాదైనా ఉన్నదున్నట్టు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించి రాస్తున్నాను.

అవి యుద్ధం జరుగుతున్న రోజులు. నగరికి నాలుగు మైళ్ళ దూరంలో ఒక నేతగాళ్ళ ఊళ్ళో నేను హెడ్మాస్టరును. పేరు పెద్దదే కాని బడిలో ఉన్నది ఇద్దరమే. రెండోవారు ఇరవై ఏళ్ళుగా ఆ బడిలోనే ఉన్న పెద్దాయన. పిల్లలు ఆయన్ను పెద్దయ్యవారు అనేవాళ్ళు, నన్ను చిన్నయ్యవారు అనేవాళ్ళు. చిత్తూరులో ట్రైనింగు చేసిన సర్టిఫికెట్టు నా దగ్గర ఉంది కాబట్టి కుర్చీ నాది. ఆయన మగ్గం మీద పుట్టి పెరిగి, చదువు మీద ఇష్టంతో బడిలోకి వచ్చిన మనిషి. ట్రైనింగు లేని టీచరుకు ఇన్స్పెక్టరు ఏటేటా మినహాయింపు రాసిస్తేనే ఉద్యోగం ఇంకో ఏడాది నిలుస్తుంది. ఆ కాగితం వచ్చే దినం దాకా ఆయన అన్నం సరిగా తినేవాడు కాడు. ఇంట్లో చూపు దాదాపు పోయిన భార్య ఉండేది. వేరే ఆధారం లేదు.

మిల్లుల నుంచి నూలు రావడం తగ్గిపోయింది. మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోతున్నాయి. ఒక్కో ఇల్లూ తాళం పెట్టుకుని పని వెతుక్కుంటూ నాయుడుపేట వైపుకో, మద్రాసుకో పోతుంటే బడిలో పిల్లలు తగ్గిపోతున్నారు. ఒకరోజు తనిఖీకి వచ్చిన ఇన్స్పెక్టరు హాజరు పట్టీ చూసి పెదవి విరిచాడు. మైలు దూరంలో ఇంకో బడి ఉండగా దీనికి గుర్తింపు దేనికి అన్నాడు. నేను బతిమాలుకున్నాను. అప్పుడాయన ఒక మాట చెప్పి వెళ్ళాడు. ఇప్పుడు పైన కొత్త పద్ధతి కావాలంటున్నారట. టీచరు చెప్పడం కాకుండా పిల్లలే అడిగి, వెతికి, తెలుసుకునే పద్ధతి. ఐదు తరగతులకూ ఒకదానికొకటి అల్లుకున్నట్టు ఒక ప్రణాళిక తయారుచేసి, ఏడాది నడిపి చూపిస్తే బడిని గురించి నాలుగు మంచి మాటలు రాస్తానన్నాడు. లేకపోతే రాయవలసింది రాస్తానన్నాడు.

నేను ట్రైనింగులో ఇచ్చిన నోటుపుస్తకాలన్నీ తిరగేశాను. అందులో అన్నీ ఉన్నాయి కాని అది లేదు. నాలుగు వారాలు గడిచినా ఒక్క పేజీ రాయలేకపోయాను. బడి పోతే నేను ఇద్దరు బిడ్డలను పెట్టుకుని ఎక్కడికి పోవాలి? ఆ భయం తప్ప నా తలలో ఇంకేమీ పుట్టేది కాదు.

దారి చూపింది పెద్దయ్యవారు. ఆయనకు చూపింది నాలుగో తరగతి ఆడపిల్ల.

మా పక్క తమిళ నెలల లెక్క. అక్టోబరు నడుమ వచ్చే ఐపసి నెల మొదట్లో ఒక పొద్దున ఆ పిల్ల ఆలస్యంగా వచ్చి గడప దగ్గరే నిలబడి ఏడ్చింది. నేతగాళ్ళు పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను, వీధి పొడవునా కర్రల మీద చాచి గంజి పట్టిస్తారు. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండ ఎక్కేసరికి ఆరాలి. ఆ పొద్దున చాచిన పడుగు మీద వాన పడి గంజంతా కారిపోయి, దారాలు ఉండలు కట్టి, పడుగు మొత్తం పాడైపోయింది. నూలు దొరకని ఆ రోజుల్లో పడుగు పోవడమంటే ఇంట్లో రెండు నెలల గింజలు పోయినట్టు. ఆ పిల్ల ఏడుస్తూనే అడిగింది, వాన వచ్చేది ముందే ఎవురికీ తెలీదా అయ్యవారూ అని.

నేనైతే దేవుడి దయ అనో, ఊరుకోమ్మా అనో అనేవాణ్ణి. పెద్దయ్యవారు ఆ పిల్ల పక్కన గడప మీదనే కూర్చున్నాడు. "తెలుస్తాదేమో సూద్దామా?" అన్నాడు. "నువ్వూ నేనూ, అందురమూ కలిసి సూద్దాం."

అట్లా మొదలైంది. బడి వదిలాక అరుగు మీద కూర్చుని ఆయన రాసేవాడు. కాగితం దొరకని కాలం. నూలు కట్టల మీద చుట్టి వచ్చే దళసరి నీలం కాగితాన్ని కత్తిరించి, లోపలివైపు పెన్సిలుతో రాసేవాడు. ఐదు తరగతులకూ ఒకటే ప్రశ్న, మన ఊరికి వాన ఎట్లా వస్తుంది? ఒకటో తరగతి పిల్లలు పొద్దున బయట నిలబడి గాలి ఏ చెంపకు తగిలిందో చెప్పాలి. రెండో తరగతి వాళ్ళు ఆరేసిన గుడ్డలు ఎటు ఎగురుతున్నాయో, చీమలు గుడ్లు మోసుకుని ఎటు పోతున్నాయో చూడాలి. మూడో తరగతికి దిక్కులు వస్తాయి కాబట్టి బడి కప్పు మీద వెదురు కర్రకు కట్టిన గుడ్డపీలికను చూసి దిక్కు రాయాలి. నాలుగో తరగతి వాళ్ళు రేకు డబ్బాలో పడిన వానను పుల్లతో కొలవాలి. ఐదో తరగతి వాళ్ళు ఇవన్నీ ఒకచోట చేర్చి, ఏ గాలి వెనక ఏ వాన వచ్చిందో కనిపెట్టి, పడుగు చాచవచ్చునా కూడదా అని వీధిలో వాళ్ళకు చెప్పాలి.

ఇందులో నాకు నచ్చని సంగతులు ఉండేవి. ఒకటో తరగతి పిల్లవాడొకడు గాలి వేపచెట్టులోంచి పుడుతుందన్నాడు. పెద్దయ్యవారు దాన్ని అట్లాగే రాసుకున్నాడు. తప్పు కదా, దిద్దండి అన్నాను.

"దిద్దేదానికి మనమెందుకు?" అన్నాడాయన. "వచ్చే ఏడు రెండో తరగతికి వస్తాడు. చెట్టుకు ఆ పక్క పోయి నిలబడతాడు. ఆడ కూడా గాలి ఈపుకు తగిలితే వాడే అనుకుంటాడు, ఇది చెట్టులోది కాదప్పా అని. ఏడాది పాటు వేపచెట్టులోనే ఉండనీండి, యాడికి పోతాది."

ఒక ఏడాది తప్పును ఇంకో ఏడాదికి దాచిపెట్టుకోవడం ఏ ట్రైనింగు స్కూల్లోనూ చెప్పరు. తరగతికీ తరగతికీ మధ్య ఉండవలసిన అల్లిక అదేనని నాకు అప్పుడు తెలియలేదు. తెలిసేసరికి ఆయన లేడు.

ఆ ఏడాదంతా పిల్లలు ఆకాశం చూశారు. జూలైలో వచ్చే ఆడి నెలలో పడమటి గాలి దుమ్ము లేపి, నాలుగు చినుకులు రాల్చి పోతుందని రాశారు. ఐపసిలో గాలి తిరిగి, సముద్రం వైపు ఆకాశం కింద అంచు నల్లబడితే పెద్ద ముసురు పడుతుందని రాశారు. ఆ కార్తీకంలో ఒక నాలుగైదు పొద్దులు ఆ ఆడపిల్ల వద్దు నాయనా, ఈ పొద్దు సాచొద్దు అంటే, వాళ్ళ నాయన మొదట నవ్వి, తర్వాత మానుకున్నాడు. వాన పడింది. ఆ తర్వాత వీధిలో వాళ్ళు కూడా బడి దారిన పోతూ ఆ పిల్లను అడగడం నేను విన్నాను. పంచాంగం అమ్మ ఏమంటుండాది అని ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళి చేస్తూనే ఆగి వినేవాళ్ళు.

మళ్ళీ ఐపసికి ముందు నెల పెరటాసి వచ్చింది. ఆ పిల్ల ఐదో తరగతిలో ఉంది. ఇన్స్పెక్టరు ఫలానా సోమవారం వస్తున్నాడని కబురు వచ్చింది. నీలం కాగితాల మీది పెన్సిలు రాత ఆయనకు చూపించలేను కదా. ఎప్పటినుంచో దాచుకున్న తెల్ల ఫుల్‌స్కేపు కాగితాలు తీసి, ఆదివారం పగలంతా ఇంట్లో కూర్చుని నకలు తీశాను. అట్టమీద నా పేరు, హోదా రాశాను. అది తప్పనిపించలేదు. హెడ్మాస్టరు పేరే రాయాలి కదా అనుకున్నాను.

పాఠ్య పథకం రాయడానికి మాకు ట్రైనింగులో ఒక పద్ధతి నేర్పారు. కాగితాన్ని నిలువుగా మూడు గడులు చేయాలి. ఎడమపక్క సోపానం, నడుమ టీచరు అడిగే ప్రశ్న, కుడిపక్క 'రావలసిన జవాబు'. పెద్దయ్యవారు నేను చెప్పినట్టే మూడు గడులూ గీశాడు. కాని కుడిపక్క గడి మొదటి నుంచి చివరి దాకా ఖాళీగా వదిలేశాడు. ఇదేమిటని ఏడాది మొదట్లోనే అడిగాను.

"అది వాళ్ళు నింపుకునేదానికి ఇడిసినాను చిన్నయ్యవారూ. ముందే మనం నింపేస్తే ఇంక వాళ్ళు యాడ రాస్తారు?" అన్నాడు.

ఆ ఆదివారం నకలు తీస్తూ ఆ ఖాళీ గడి దగ్గర ఆగిపోయాను. ట్రైనింగులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఎర్రసిరాతో 'అసంపూర్తి' అని రాసి తిరగ్గొట్టేవారు. ఇన్స్పెక్టరు ఆ మాట రాస్తే బడి పోయినట్టే. భూగోళం వాచకం పక్కన పెట్టుకుని నేను ఆ గడి నింపడం మొదలుపెట్టాను. గాలి అంటే ఏమి? కదిలే వాయువు. మేఘం అంటే ఏమి? ఆవిరి చల్లబడగా ఏర్పడినది. ఐదో తరగతి దగ్గర, మన ఊరికి పెద్ద వానలు ఏ దిక్కు నుంచి వచ్చును? వాచకంలో ఏముందో అదే రాశాను. నైరుతి దిక్కు నుంచి.

నాకు తెలియక రాయలేదు. పదేళ్ళుగా ఆ ఊళ్ళో ఐపసి ముసురులో తూర్పుకు గొడుగు అడ్డం పెట్టుకుని బడికి నడిచినవాణ్ణి. ఒంటికి తెలుసు. కాని ఆ గడిలో రాయవలసింది ఒంటికి తెలిసింది కాదని, పుస్తకంలో ఉన్నదని నా చెయ్యి నమ్మింది. పెద్దయ్యవారికి చూపించి ఉంటే ఒక్కమాటలో ఆపేవాడు. చూపించలేదు. సాయంకాలమైంది, రేపు పొద్దున చూపిద్దాంలే అనుకున్నాను. పొద్దున నేను బడికి వెళ్ళేసరికి ఇన్స్పెక్టరు జట్కా వాకిట్లో ఉంది.

ఆయన ప్రణాళిక పేజీ పేజీ తిరగేశాడు. తల ఊపాడు. బాగా రాశారండీ అన్నాడు. నేను తల వంచుకున్నాను. పక్కన పెద్దయ్యవారు నాకన్నా ఎక్కువ సంతోషపడటం నాకు కనిపించింది.

తర్వాత ఆయన ఐదో తరగతి దగ్గరికి వెళ్ళి, ప్రణాళిక చేతిలో పట్టుకుని, ఆ ఆడపిల్లను లేపాడు. మన ఊరికి పెద్ద వానలు ఏ దిక్కు నుంచి వస్తాయని అడిగాడు.

ఆ పిల్ల తడుముకోలేదు. చెయ్యి చాపి గోడ వైపు చూపించింది.

"తూర్పు నించి సామీ. ఈశాన్నం మూల. ఆడ కింద నల్లబడితే వస్తాది."

ఇన్స్పెక్టరు కాగితంలోకి చూశాడు. కూర్చో, తప్పు అన్నాడు. ఆ పిల్ల కూర్చోలేదు. మేము రాసిపెట్టుకున్నాము సామీ, సూపిస్తాను అంది. ఆయన మరో ఇద్దర్ని అడిగాడు. ఇద్దరూ తూర్పే అన్నారు. ఆయన ముఖం మారిపోయింది. ఐదో తరగతి చూసేది ఎవరని అడిగాడు. పెద్దయ్యవారు ముందుకు వచ్చాడు.

"ప్రణాళికలో నైరుతి అని స్పష్టంగా ఉంది. మీరు పిల్లలకు తూర్పు అని చెప్పారేమిటండీ?"

పెద్దయ్యవారికి అర్థం కాలేదు. "నేనేం సెప్పలేదు సామీ. వాళ్ళు సూసినారు," అన్నాడు.

ఇన్స్పెక్టరు నా వైపు తిరిగాడు. "ఈ జవాబులు ఈయనకు మీరు చూపించారా, లేదా?"

చూపించలేదు అంటే, హెడ్మాస్టరుగా నేను నా పని చేయలేదని తేలుతుంది. ఆ జవాబు ఆదివారం నాడు నేను వాచకం చూసి రాశానని చెప్పాల్సి వస్తుంది. బడి గుర్తింపు ఆయన చేతిలోని పెన్సిలు మీద ఉంది. నా బిడ్డల అన్నం దాని మీదనే ఉంది. ఇవన్నీ నేను ఆ క్షణంలో ఆలోచించానని ఇప్పుడు అనుకుంటున్నాను. నిజానికి ఏమీ ఆలోచించలేదు. మాట ముందు వచ్చేసింది.

"చూపించానండీ," అన్నాను.

ఇన్స్పెక్టరు పెద్దయ్యవారిని అడిగాడు, "చూపించారా?"

ఆయన నా ముఖం చూశాడు. ఎక్కువసేపేమీ కాదు, రెప్పపాటు. తర్వాత ఇన్స్పెక్టరు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"సూపించినారు సామీ."

ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. ఆ మాట విని తలెత్తి పెద్దయ్యవారిని చూసింది. చేతిలో పట్టుకున్న నోటుపుస్తకం మూసి కూర్చుంది.

ఇన్స్పెక్టరు వెళ్ళేముందు కప్పు మీద వెదురు కర్ర చూసి, బడి మీద ఈ పాతగుడ్డ ఏమిటని, తీయించమని చెప్పాడు. తీయించాను. ప్రణాళిక బాగుందని ఆయన వెంట తీసుకువెళ్ళాడు. మిగతాది పదిహేను రోజులకు కాగితం మీద వచ్చింది. హెడ్మాస్టరు శ్రద్ధగా చేసిన ప్రణాళికను, చూపించినప్పటికీ, అర్థం చేసుకోలేని ట్రైనింగు లేని టీచరుకు ఇకమీదట మినహాయింపు ఇవ్వడానికి వీలులేదు. బడికి మాత్రం ఇంకో ఏడాది గడువు.

ఆ కాగితం నేనే ఆయనకు చదివి వినిపించాను. ఆయన విని, నీలం కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టి, అయిదో తరగతి వాళ్ళు ఇంకా ఐపసి సూడాల, దీన్ని నిలపొద్దు చిన్నయ్యవారూ అన్నాడు. భార్య చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ నగరికి వెళ్ళిపోయాడు. అక్కడ బంధువుల ఇంట్లో మగ్గం ఎక్కాడని తర్వాత తెలిసింది. యాభై ఐదేళ్ళ వయసులో.

నేను ఐదు తరగతులూ ఒక్కణ్ణే చూసుకున్నాను. నీలం కాగితాలు తీయలేదు. తీస్తే ఆ ఖాళీ గడి కనిపిస్తుంది. పిల్లల చేత వాచకం చదివించాను. వాళ్ళు కూడా ఏమీ అడగలేదు.

ఐపసి వచ్చింది. ఒక పొద్దున నేను వీధిలో బడికి పోతుంటే ఆ పిల్ల నాయన పడుగు కర్రలు పాతి, గంజి కుండ పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చాలా నెలలకు దొరికిన నూలు అది. పక్కన ఆ పిల్ల ఉంది. ఆయన నన్ను చూసి కేకేశాడు.

"అయ్యవారూ, మా పాప ముందుమాదిరి ఏం సెప్పడంలే. అడిగితే నేలకల్లా సూస్తాది. మీరన్నా సెప్పండి, ఈ పొద్దు పడుగు సాచొచ్చా?"

నేను ఆ పిల్లను చూశాను. నువ్వు చెప్పమ్మా అన్నాను.

ఆ పిల్ల తలెత్తింది. ఆకాశం వైపు కాదు, నా ముఖంలోకి చూసింది.

"ఏం సెప్పమంటారు అయ్యవారూ?"

ఎగతాళి కాదు. కోపం కూడా కాదు. నిజంగానే అడిగింది. నా దగ్గర ఒక జవాబు రాసిపెట్టి ఉంటుందని, అది చెబితే చాలునని అడిగింది. తూర్పు వైపు చూశాను. ఏవో మబ్బులున్నాయి. అవి వాన మబ్బులో కావో నాకు తెలియదు. ఏడాది పాటు చూసింది వాళ్ళు, నేను కాదు. ఆ వీధి మొత్తంలో చూడడం వచ్చినది ఆ పిల్లకే. ఆ పిల్ల చూడడం మానేసింది.

మీ ఇష్టం అప్పా అని నేను బడికి వెళ్ళిపోయాను.

రెండు గడియలు కాకుండానే వాన వచ్చింది. బడి కిటికీలోంచి ఆ వీధి కనబడదు, కాని ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. పిల్లలందరూ లేచి బయటికి పరుగెత్తారు. నేను వాకిట్లో నిలబడిపోయాను. వాన నా ఎడమ చెంపకు తగులుతోంది. బడి వాకిలి దక్షిణానికి. ఎడమ చెంప అంటే తూర్పు. అది ఒకటో తరగతి ప్రశ్న.

ఆ కుటుంబం నెల తిరగకుండానే మద్రాసు వైపు వెళ్ళిపోయింది. ఇంకా కొన్ని ఇళ్ళు కూడా పోయాయి. గడువు ముగిసేసరికి బడిలో పట్టుమని పాతికమంది లేరు. గుర్తింపు తీసేశారు. నేను అబద్ధం చెప్పి నిలబెట్టాననుకున్న బడి అది.

మధ్యలో ఒకసారి నిజం చెప్పాలని చిత్తూరు వెళ్ళాను. రావలసిన జవాబులు నేను రాసినవని, పెద్దయ్యవారికి చూపించలేదని, ఆయన మినహాయింపు మళ్ళీ ఇవ్వమని ఒక అర్జీ రాసుకుని, బొగ్గుతో నడిచే ఆ కాలపు బస్సులో పుత్తూరు మీదుగా పోయాను. దారిలో రెండుచోట్ల బస్సు ఆగిపోతే అందరితోపాటు దిగి తోశాను. ఆఫీసు వసారాలో బెంచీ మీద పొద్దున్నుంచి కూర్చున్నాను. బంట్రోతు మూడుసార్లు వచ్చి ఏం పని అని అడిగాడు. మూడుసార్లూ ఏం లేదప్పా, ఒకరి కోసం చూస్తున్నా అన్నాను. నాలుగోసారి ఆఫీసు తలుపులు వేయడానికి వచ్చాడు. మీరు సూసే ఆయన రాలేదు మాదిరుండాదే అన్నాడు జాలిగా. అర్జీ జేబులో పెట్టుకుని అదే బస్సులో తిరిగి వచ్చాను. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి ఇది కూడా చెబుతాను. ఇన్స్పెక్టరు తీసుకువెళ్ళిన ప్రణాళికను టీచర్ల మీటింగుల్లో చదివించాడు. ఒక బడి నుంచి ఇంకో బడికి నకళ్ళు పోయాయి. దాని మూలంగానే నాకు వేరే బడిలో మంచి ఉద్యోగం దొరికింది, తిరుపతికి బదిలీ అయింది. కిందటేడు కార్వేటినగరం పోతే అక్కడొక బడిలో ఐదో తరగతి పిల్లలు నైరుతి నైరుతి అని గొంతెత్తి వల్లెవేస్తున్నారు. టీచరు నన్ను గుర్తుపట్టి కాళ్ళకు దండం పెట్టాడు.

స్వరాజ్యం వచ్చిన ఏడాది, నగరిలో పెద్దయ్యవారిని వెతుక్కుంటూ పోయాను. ఆయన నేలలో తవ్విన మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, పోగును అటూ ఇటూ విసిరే నాడె ఆపి, లేవబోయాడు. వద్దన్నాను. గుంట ఒడ్డున నేలమీద కూర్చుని, ఆ గడి నేను నింపాను పెద్దయ్యవారూ, మీకు చూపించలేదు అని చెప్పాను. ఏళ్ళుగా బరువుగా మోసిన మాట అంత చిన్నదిగా ఉంటుందనుకోలేదు.

"అది నాకు ఆ పొద్దే తెలుసు కదా," అన్నాడాయన. "నేను నింపలేదు. ఇంక ఎవురు నింపుతారు?"

మరి చూపించారని ఎందుకన్నారని అడిగాను.

"లేదంటే మీదీ పోతాది, బడీ పోతాది. అవునంటే నాదొకటే పోతాది. బడుంటే ఆ బిడ్డలు సూస్తా ఉంటారు గదా అనుకున్నా." దారం తెగిందేమో, వంగి ముడివేసి మళ్ళీ తలెత్తాడు. "బడీ పాయ. సూడడమూ పాయ. నా లెక్క తప్పింది చిన్నయ్యవారూ."

తప్పు నాదని ఆయన ఒక్కసారైనా అనలేదు. అంటే నాకు కొంత తేలిక అయ్యేదేమో. ఆ బిడ్డ యాడుండాది అని అడిగాడు. మద్రాసు పక్క అన్నాను. అంతకుమించి నాకు తెలియదు.

"ఇప్పుడన్నా మొగులుకల్లా, మబ్బుకల్లా సూస్తా ఉండాదా?"

ఆయన నాడె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడాది ఆయన పోయాడని తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి. విద్యాశాఖవాళ్ళు బడులకోసం ఆ ప్రణాళికను కొత్తగా అచ్చువేస్తున్నారు. నా అనుమతి అడుగుతూ ఉత్తరం రాశారు. నేను నీలం కాగితాలు బయటికి తీసి, అక్షరం మార్చకుండా నకలు తీసి, అట్ట మీద ఆయన పేరు రాసి, కుడిపక్క గడి ఆయన వదిలినట్టే ఖాళీగా వదిలి పంపాను. పదిరోజులకు తిరిగి వచ్చింది. రావలసిన జవాబులు లేకపోతే టీచర్లు ఇబ్బంది పడతారని, దయచేసి నింపి పంపమని రాశారు. మళ్ళీ ఖాళీగానే పంపాను. ఈసారి వచ్చిన జవాబు చాలా మర్యాదగా ఉంది. నాకు శ్రమ అక్కరలేదని, నా పాత ప్రతి ఒకటి తమ దగ్గర సంపూర్ణంగా ఉన్నదని, దాని ప్రకారం నా పేరుతోనే అచ్చు మొదలుపెట్టామని.

నేను ఆ ఆఫీసుకు వెళ్ళి అడిగాను. అక్కడున్న పెద్దమనిషి నా వినయాన్ని మెచ్చుకున్నాడు. పెద్దయ్యవారికి జరిగింది చెప్పబోతే, అవన్నీ పాత సంగతులు, ఆయన ఆత్మకు శాంతి కలగాలి అన్నాడు. ఆపడం నా చేతిలో లేదు.

అందుకని ఈ నాలుగు మాటలు చదివే ఉపాధ్యాయులను అడుగుతున్నాను. ఆ పుస్తకం మీ బడికి వస్తే, అట్ట మీద నా పేరు కొట్టేయండి. లోపల ప్రతి పేజీలో కుడిపక్క గడి మీద తెల్లకాగితం ఒకటి అంటించండి. కొంచెం గంజి ఉంటే చాలు.